వాడకుండానే ఫైవ్ స్టార్ ఇచ్చాను, ఇప్పుడు తీసేయాలా?

ప్రశ్న: మాది తెనాలి. నాకు 34 ఏళ్ళు, ఇంట్లోనే ఉంటాను. ఏడాది కిందట మా తోటికోడలు నన్నొక టెలిగ్రామ్ గ్రూపులో చేర్చింది. అందులో మీడియేటర్ అని ఒకతను రోజూ వస్తువుల ఫోటోలు పెడతాడు. నచ్చింది మన డబ్బుతో షాపింగ్ యాప్‌లో కొనుక్కోవాలి. ఫైవ్ స్టార్ రివ్యూ రాసి స్క్రీన్‌షాట్ పంపితే కొన్నాళ్ళకి డబ్బు యూపీఐలో వెనక్కి వేస్తాడు. వస్తువు మనకే. ఇలా డబ్బాలూ, దుప్పట్లూ, ఇయర్‌ఫోన్లూ అన్నీ కలిపి పాతిక దాకా తీసుకున్నాను. మొన్న చలికాలం మొదట్లో నీళ్ళు కాచే హీటర్ రాడ్ తీసుకున్నాను. వచ్చిన రోజే ఫోటో తీసి, “పది నిమిషాల్లో నీళ్ళు కాగుతాయి, పిల్లలున్న ఇంటికి చాలా సేఫ్” అని రాశాను. అప్పటికి దాన్ని ప్లగ్గులో కూడా పెట్టలేదు. మా మేడ మీద అద్దెకున్నావిడ అడిగితే నా రివ్యూనే చూపించాను. ఆవిడా కొంది. పోయిన వారం వాళ్ళాయన బకెట్లో చెయ్యి పెడితే షాక్ కొట్టింది. దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. నాది బయటికి తీసి పెట్టి చూస్తే బ్రేకర్ పడిపోయింది. రివ్యూ తీసేస్తానని మీడియేటర్‌కి చెప్పాను. తీస్తే మూడు ఆర్డర్ల మీద నాకు రావాల్సిన 3,846 రూపాయలు ఇవ్వనంటున్నాడు, “మీ వివరాలన్నీ మా దగ్గరున్నాయి” అంటున్నాడు. మావారేమో “అందరూ చేసేదేగా, డబ్బులొచ్చాక తీసెయ్” అంటున్నారు. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు కూడా అక్కడ ఇలాగే తెప్పించుకుంటోంది. ఇది నేరమా? నేనేం చేయాలి? పేరు వేయకండి.

సమాధానం:

అమ్మా,

మిగతాది తర్వాత చదువుకోవచ్చు. మేడ మీదివాళ్ళు ఆ రాడ్డు ఇంకా వాడుతున్నారేమో ముందు వెళ్ళి చూడండి. షాక్ కొట్టినదాన్ని మళ్ళీ ఎవరైనా వాడతారా అనుకుంటాం. వాడతారు. “ప్లగ్గు తిప్పి పెడితే కొట్టట్లేదండీ” అంటారు. పొద్దున్నే చలి, పిల్లల స్నానాలు, అవతల స్కూల్ వ్యాన్ వచ్చేస్తుంటుంది.

రాడ్డు పైగొట్టానికీ లోపలి తీగకీ మధ్య ఒక పొడి కూరి ఉంటుంది, కరెంటు గొట్టంలోకి రాకుండా. ఆ పొడి సరిగా నింపకపోయినా, కొసల్లో సీలు సరిగా వేయక తడి చేరినా కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. ఎర్త్ బాగున్న సాకెట్ అయితే అది భూమిలోకి పోతుంది, మీ ఇంట్లోలా బ్రేకర్ పడుతుంది. ఎర్త్ లేని సాకెట్లోనో, మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించో పెడితే చెయ్యి పెట్టినవాళ్ళ ఒంట్లోంచి పోతుంది. మేడ మీదాయన అదృష్టవంతుడు. రాడ్డు ఎంత మంచిదైనా స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్ళలో చెయ్యి పెట్టమని ఆవిడకి చెప్పండి.

పైకి వెళ్ళినప్పుడు ఇంకొకటి కూడా చూసి రండి. ఈ రకం హీటర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. వీటి ప్రమాణం ఐఎస్ 368. గుర్తు పక్కనో కిందో సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. ఐఎస్ఐ గుర్తుకి లైసెన్స్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. ఫోన్లో వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీదో, లైసెన్స్ నడుస్తోందో లేదో తెలుస్తుంది. గుర్తు ఎవడైనా అచ్చు వేయించుకోగలడు, దొరికిపోయేది నంబరు దగ్గరే. ఐఎస్ఐ లేని ఇమ్మర్షన్ హీటర్లు కొనవద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2021 డిసెంబరులోనే హెచ్చరిక ఇచ్చింది. మీ రెండు రాడ్ల మీదా ఆ నంబరు లేకపోతే నాకేమీ ఆశ్చర్యం కాదు.

మిమ్మల్ని తిట్టడానికి మాత్రం నాకు నోరు రాదు. మూడేళ్ళ కిందట నేనూ ఒక చాపర్ కొన్నాను, తాడు లాగితే ఉల్లిపాయలు తరిగే రకం. పెట్టెలో విజిటింగ్ కార్డంత కాగితం పెట్టారు. ఫైవ్ స్టార్ ఇచ్చి ఫోటో వాట్సాప్ చేస్తే 100 రూపాయలట. “సూపర్ ప్రోడక్ట్” అని రెండు ముక్కలు రాసి వంద పుచ్చుకున్నాను. ఆ వందతో ఏం కొన్నానో కూడా గుర్తులేదు. మూడో వారంలో తాడు తెగి లోపలికి పోయింది. రివ్యూ మాత్రం ఎనిమిది నెలలు అక్కడే ఉంది. ఒకరోజు దాని కింద “17 మందికి ఉపయోగపడింది” అని కనబడితే సిగ్గేసి తీసేశాను. ఆ పదిహేడు మందీ ఎవరో నాకు తెలీదు. మీకు ఒకావిడ తెలుసు, మీ మెట్లెక్కితే కనిపిస్తుంది. మనిద్దరికీ అంతే తేడా.

ఇక మీవారి మాటకి వద్దాం. ఆయన చెప్పింది లెక్కగానే ఉంది, కానీ ఈ బేరం ఎలా నడుస్తుందో చూస్తే ఆ లెక్క నిలవదు. మీరు పంపిన మెసేజ్‌ల ఫోటోల్లో ఒకటి ఇలా ఉంది: “వాటర్ హీటర్ 1500 వాట్స్. రివ్యూ డీల్. 50 లెస్. స్లాట్లు 10. లింక్ లేదు, యాప్‌లో పేరు కొట్టి వెతకండి. వేరే రెండు బ్రాండ్లు కూడా తెరిచి చూసి తర్వాత మనది ఆర్డర్ పెట్టండి. సీవోడీ వద్దు. డెలివరీ అయిన 4 రోజులకు రివ్యూ. లైవ్ అయ్యాక ఫామ్ నింపండి. ఫామ్ నింపాక 30 నుంచి 40 రోజుల్లో రిఫండ్.”

50 లెస్ అంటే కొన్న ధరలో 50 రూపాయలు తగ్గించి వెనక్కిస్తాడని, సీవోడీ అంటే వస్తువు చేతికొచ్చాక డబ్బు కట్టడం. ఇందులో ఒక్క ముక్క కూడా ఊరికే లేదు. లింక్ ఎందుకివ్వడు? ఒకే లింక్ నుంచి పది మంది వచ్చి కొంటే యాప్‌వాళ్ళకి అనుమానం వస్తుంది. వెతికి కొంటే మామూలు గిరాకీలా కనిపిస్తుంది, పైగా వెతుకులాటలో ఆ వస్తువు పైకి లేస్తుంది. వేరే బ్రాండ్లు చూడమన్నదీ, నాలుగు రోజులు ఆగమన్నదీ అందుకే. మీరు వచ్చిన రోజే రాసేశారు, అతనికి అది కూడా నచ్చి ఉండదు. మరి వస్తువు నేరుగా ఇంటికి ఊరికే పంపకుండా మీ డబ్బే ముందు పెట్టమనడం ఎందుకు? డబ్బు కట్టి కొన్నవాళ్ళ రివ్యూకే “వెరిఫైడ్ పర్చేజ్” అన్న ముద్ర పడుతుంది. అతనికి కావాల్సింది మీ పొగడ్త కంటే ఆ ముద్ర. కొన్ని గ్రూపుల్లో “ఎంప్టీ బాక్స్ డీల్” అని కూడా ఉంటుంది. ఖాళీ పెట్టె వస్తుంది, దానికే ఫైవ్ స్టార్ రాయాలి. అక్కడ ఇక వస్తువన్న నటన కూడా లేదు.

అన్నిటికంటే చివరి ముక్క చూడండి, 30 నుంచి 40 రోజులు. వస్తువు వెనక్కిచ్చే గడువు మామూలుగా ఏడు రోజులో పదో ఉంటుంది. మీడియేటర్ డబ్బు ఎప్పుడూ ఆ గడువు దాటాకే వస్తుంది. అతను ఎగ్గొట్టినా అప్పటికి మీరు యాప్‌లో తిప్పి పంపలేరు. ఈలోగా ఇంకో స్లాట్ తెరుస్తాడు, మీరు ఇంకోటి ఆర్డర్ పెడతారు. పాతది వచ్చేసరికి కొత్తది బాకీ. హీటర్ 749, మిక్సీ 1,899, బెడ్‌షీట్ల సెట్ 1,198 అని మీరే రాశారు. ఏడాదిలో అతని దగ్గర మీ డబ్బు ఏమీ లేని రోజు ఒక్కటైనా ఉందా, గుర్తు తెచ్చుకోండి. అది తాకట్టమ్మా. మీ డబ్బు అక్కడున్నంత కాలం మీ రివ్యూలు ఇక్కడ ఉంటాయి. “డబ్బులొచ్చాక” అని మీవారు అంటున్న రోజు ఈ ఏర్పాటులో రాదు. రాకుండా ఉండేలాగే దాన్ని కట్టారు.

ఈ మూడు వేల ఎనిమిది వందల నలభై ఆరూ పోయినట్టే అనుకుని మొదలుపెట్టండి. వస్తే వచ్చింది. ఇది చెప్పడం నాకు తేలికే, మీ ఇంట్లో ఆ డబ్బు ఎంత అవసరమో నాకు తెలీదు. కానీ ఆ డబ్బు కోసం రివ్యూని ఇంకో నెల ఉంచితే, పోయిన వారం మీ మేడ మీద జరిగింది ఏ ఊళ్ళోనో ఏ ఇంటి మేడ మీదో జరుగుతుంది. అక్కడ ఏమవుతుందో మనకి కబురు కూడా రాదు.

నేరమా అన్నారు. అమ్మేవాడి వైపు నుంచి చూస్తే, అమ్మేవాడు తానే కొనుగోలుదారుడిలా నటించి రివ్యూలు పెట్టకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. 2022 నవంబరులో బీఐఎస్ ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అనే ప్రమాణమే తెచ్చింది. డబ్బిచ్చి రాయించినవి ప్రచురించకూడదని అందులో ఉంది. అయితే దాన్ని స్వచ్ఛందంగా పాటించమనే మొదలుపెట్టారు, అందుకే దాని కోర ఇంకా పదునెక్కలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఆ జరిమానా వస్తువు తయారుచేసినవాళ్ళకీ, దాన్ని మెచ్చుకుంటూ ప్రచారం చేసినవాళ్ళకీ వర్తిస్తుంది. దాని గురి సినిమా తారలు, ఇన్‌ఫ్లుయెన్సర్ల లాంటివాళ్ళు. రేపు పొద్దున్న పోలీసులు మీ గుమ్మం ముందుకి వస్తారని నేను భయపెట్టను. వచ్చే ముప్పు యాప్ వైపు నుంచే. తెలిస్తే మీ రివ్యూలన్నీ తీసేస్తారు, మళ్ళీ రాయనివ్వరు, ఒక్కోసారి ఖాతానే మూసేస్తారు.

ఊరికే వచ్చిన వస్తువు గురించి రాయడమే తప్పా అంటే, కాదు. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ప్రచారం చేసేవాళ్ళ కోసం ఒక చిన్న మార్గదర్శిని విడుదల చేసింది. వస్తువు ఉచితంగా అందినా సరే ఆ సంగతి చూసేవాళ్ళకి చెప్పాలని అందులో ఉంది. అమెజాన్‌లో 2007 నుంచి వైన్ అని ఒక పద్ధతి నడుస్తోంది. అందులో వస్తువు ఉచితంగానే ఇస్తారు. కానీ రాసేవాళ్ళని ఎంచుకునేది అమెజాన్, అమ్మేవాడు కాదు. రివ్యూ పైన ఇది ఉచితంగా ఇచ్చిన వస్తువు గురించి అని ముద్ర ఉంటుంది, ఒక్క స్టార్ ఇచ్చినా ఎవరూ అడ్డు చెప్పరు. మీ మీడియేటర్‌ని ఒక్క మాట అడిగి చూడండి, “త్రీ స్టార్ ఇస్తే రిఫండ్ వస్తుందా” అని. అతను చెప్పే జవాబులోనే అంతా ఉంది.

మీ ఆడపడుచు సంగతి. అక్కడ ఈ ఆట ఇంకా పాతది, పట్టుకునేవాళ్ళూ ఎక్కువే. ఉచితంగా వస్తువిచ్చి రివ్యూ రాయించుకోవడాన్ని వైన్‌లో తప్ప వద్దని అమెజాన్ 2016 అక్టోబరులోనే చెప్పేసింది. దాంతో బేరం ఫేస్‌బుక్ గ్రూపుల్లోకి పోయింది. 2022 జులైలో అమెజాన్ 10,000కు పైగా అలాంటి గ్రూపులు నడిపేవాళ్ళ మీద దావా వేసింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 2024 అక్టోబరు 21 నుంచి అమల్లో ఉంది. మెచ్చుకుంటూ రాస్తేనే ఇస్తామన్న షరతుతో ఏమిచ్చినా తప్పే, నియమం వచ్చిన 2024లో ఒక్కో ఉల్లంఘనకి 51,744 డాలర్ల దాకా జరిమానా ఉండేది. ఆ కొరడా ముఖ్యంగా వ్యాపారి వీపు మీదే, ఇంట్లో కూర్చుని రాసే మీ ఆడపడుచు మీద కాదు. అయినా ఆవిడకి ఈ సంగతి కూడా చెప్పండి. 2021లో భద్రతా పరిశోధకులకి ఇలాంటి ముఠాది ఒక డేటాబేస్ తాళం లేకుండా ఇంటర్నెట్‌లో దొరికింది. అందులో కోటీ 30 లక్షల రికార్డులు, రాసేవాళ్ళ ఈమెయిళ్ళు, పేపాల్ వివరాలు, అమెజాన్ ప్రొఫైల్ లింకులు ఉన్నాయి. దాదాపు రెండు లక్షల మంది చేయించినది, చేసినది, వరస పెట్టి కనిపించింది. “మీ వివరాలన్నీ మా దగ్గరున్నాయి” అన్నాడు కదా మీ మీడియేటర్, నిజమే. వాళ్ళ దగ్గర ఉంటాయి, అందరికీ తెరిచీ ఉంటాయి.

అతని బెదిరింపుకి మాత్రం భయపడకండి. అతని చేతిలో ఉన్నది మీ పేరు, ఆర్డర్ నంబర్లు, యూపీఐ ఐడీ. వాటిని తీసుకుని ఎవరికి ఫిర్యాదు చేస్తాడు? “నేను డబ్బిచ్చి దొంగ రివ్యూ రాయించాను, ఈవిడ తీసేసింది” అని యాప్‌వాళ్ళ దగ్గరికి వెళ్తాడా? మీ కంటే అతనికే నోరు మూసుకోవాల్సిన అవసరం ఎక్కువ. మరీ హద్దు మీరితే సైబర్ క్రైమ్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టండి.

నేను నిజంగా భయపడేది ఇంకో దానికి. ఈ గ్రూపుల్లోనే ఒకరోజు కొత్త డీల్ వస్తుంది: వస్తువు కొనక్కర్లేదు, ఒక హోటల్‌కో వీడియోకో ఫైవ్ స్టార్ కొట్టండి, 150 రూపాయలు. నిజంగానే ఇస్తారు. రెండోరోజు ఇంకా ఇస్తారు. తర్వాత “ప్రీపెయిడ్ టాస్క్” అంటారు, వెయ్యి పెడితే పదమూడు వందలు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన 712 కోట్ల మోసం ఇలాగే, టెలిగ్రామ్‌లో రేటింగ్, రివ్యూ పనులతోనే మొదలైంది. అందులో దాదాపు 15,000 మంది మునిగారు. వాళ్ళంతా పేరాశపరులు కాదు. ముందు నాలుగుసార్లు డబ్బు సరిగ్గా వచ్చింది, అంతే. మీకు ఇరవైసార్లకు పైగా సరిగ్గా వచ్చింది. మీలాంటివాళ్ళే వాళ్ళకి మంచి గిరాకీ. మీ తోటికోడలికి కూడా ఈ పేరా చదివి వినిపించండి.

సరే, పనులు. గ్రూపులోంచి బయటికి రాకముందే మెసేజ్‌లన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. టెలిగ్రామ్‌లో అవతలివాడు చెరిపితే మీ ఫోన్లో కూడా పోతుంది. హీటర్ రివ్యూని ఉత్తినే తీసేయవద్దని నా సలహా. తీసేస్తే అక్కడ ఒక అబద్ధం తగ్గుతుంది, కానీ కొనబోయేవాళ్ళకి ఏమీ తెలియదు. దాన్నే దిద్ది, ఒక్క స్టార్‌కి దించి, జరిగింది రాయండి: “ఇంతకు ముందు డబ్బు వెనక్కి ఇస్తామంటే వాడకుండా ఫైవ్ స్టార్ ఇచ్చాను. తర్వాత ప్లగ్గులో పెడితే బ్రేకర్ పడిపోయింది. మాకు తెలిసినవాళ్ళకి షాక్ కొట్టింది. కొనకండి.” యాప్ దీన్ని ఉంచుతుందో తీసేస్తుందో, మీ మీద చర్య తీసుకుంటుందో చెప్పలేం. తీసుకున్నా పోయేది ఒక ఖాతా.

తర్వాత కస్టమర్ కేర్‌కి చెప్పండి. ప్రమాదకరమైన వస్తువు అన్న మాట వాడండి, బాగాలేదు అని కాదు. మీ హీటర్ డబ్బు యాప్ వెనక్కిస్తే తీసుకోండి. ఆ తర్వాత మీడియేటర్ కూడా పంపితే మాత్రం అతనిది తిప్పి పంపేయండి, రెండు చోట్లా తీసుకుంటే మనం ఇంకో మెట్టు దిగినట్టే. మేడ మీదావిడ గడువు ఇంకా ఉందేమో ఇవాళే చూడండి, ఆవిడ రాడ్డు ముందు వెనక్కి వెళ్ళాలి. యాప్‌వాళ్ళు పట్టించుకోకుండా తిప్పుకుంటుంటే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. ఐఎస్ఐ లేదన్న ఫిర్యాదు బీఐఎస్ కేర్ యాప్‌లోనే పెట్టవచ్చు. రెండిటిలోనూ డబ్బు తీసుకుని రివ్యూ రాసిన సంగతి దాచకండి. దాచితే అవతలివాళ్ళు బయటపెట్టినప్పుడు మీ ఫిర్యాదు మొత్తం తేలిపోతుంది.

మిగిలిన ఇరవై నాలుగు రివ్యూలు ఒక ఆదివారం కూర్చుని చూడండి. డబ్బాలకీ దుప్పట్లకీ మీరు రాసింది నిజమే అయితే ఉంచుకోవాలనిపించవచ్చు. నేనైతే తీసేస్తాను, కానీ దానికి మిమ్మల్ని పట్టుబట్టను. కరెంటుతో నడిచేవీ, పిల్లల వస్తువులూ, ఒంటికి రాసుకునేవీ, తినేవీ ఉంటే మాత్రం ఒక్కటి కూడా ఉంచకండి.

మేడ మీదావిడకి ఏం చెప్పాలి అని మీరు అడగలేదు. అడగకపోయినా ఉత్తరం అంతా దాని చుట్టూనే తిరిగింది. “అది నాకు ఊరికే వచ్చిందండీ, వాడకుండా రాశాను, మీకూ అదే చూపించాను” అని చెప్పండి. మావారు రాయమన్నారనో, తోటికోడలు నేర్పిందనో కలపకండి. ఆవిడకి కోపం వస్తే రానివ్వండి. ఆవిడ రాడ్డు యాప్ తీసుకోకపోతే ఆ డబ్బు మీరే ఇవ్వండి.

మీ రాడ్డు మాత్రం ఫిర్యాదు తేలేదాకా పెట్టెలోనే ఉంచండి, నంబరు ఉన్న వైపు ఫోటో తీసి. తేలాక పాత సామాన్లవాడికి అలాగే వేయకండి, వాడి ఇంట్లోనూ నీళ్ళు కాచుకుంటారు. ముందు వైరు కత్తిరించి, ప్లగ్గు తీసి విడిగా పారేయండి.